రోజుకు ఒక్క పేజీ చాలు

నవల మొదలుపెట్టి సగంలో వదిలేసిన రచయితలు మన పల్లెల్లో ఎందరో! పొలం పనులు, ఉద్యోగం, సంసారం మధ్య తీరిక లేదన్నది వారి బాధ. నిజమే. కానీ తీరిక దొరికాక రాద్దామనుకుంటే ఆ రోజు రానే రాదు.

ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'ని జైలులో రాశారు. ఇంగ్లండులో తపాలా ఉద్యోగి ఆంథొనీ ట్రాలప్ తెల్లవారుజామునే లేచి, గడియారం ఎదుట పెట్టుకుని, పావుగంటకు 250 మాటల లెక్కన రాసి, ఆపై పనికి వెళ్ళేవారు. జీవితకాలంలో 47 నవలలు పూర్తిచేశారు.

అంత వేగం అందరికీ సాధ్యం కాదు. రోజుకు పేజీ రాసినా ఏడాదికి 365 పేజీలు! ఇంట్లో చోటు లేనివారికి శాఖా గ్రంథాలయంలో సాయంత్రం ఒక బల్ల, ఒక దీపం కేటాయించడం అధికారులకు భారం కాబోదు. లేకుంటే ఊరి కథలు సగంలోనే అటకెక్కుతాయి.