టర్బో మారిస్తే బండి దూకుతుందా?

‘పెద్ద టర్బో పెట్టిద్దాం నాన్నా... బండి ఎగిరిపోతది!’ మిర్యాలగూడలోనో, కోదాడలోనో కారున్న ఇంట్లో ఇరవై ఏళ్ల కుర్రాడుంటే ఈ మాట ఏదో ఒకరోజు వినపడక మానదు. ‘ఉన్నదానికి ఏమైందిరా?’ అంటాడు తండ్రి. అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే కోపంగా కాదు, బానెట్ ఎత్తి అడగాలి.

టర్బో చేసే పని తేలికగానే అర్థమవుతుంది. సైలెన్సర్‌లోంచి వృథాగా పోయే వేడి పొగ ఓ చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకున్న రెండో చక్రం బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువ అందితే ఎక్కువ ఇంధనం మండించొచ్చు. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బూకి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. చిన్న కారు టర్బోలో ఆ ఇరుసు నిమిషానికి లక్షసార్లకు పైగా తిరుగుతుంది. దాన్ని కాపాడేది పల్చటి ఆయిల్ పొర ఒక్కటే!

ఇక అసలు సంగతి. టర్బో ఎంత పెద్దదైతే దాన్ని తిప్పడానికి అంత ఎక్కువ పొగ కావాలి. అంటే ఇంజిన్ వేగం బాగా పెరిగాక గానీ అది నిద్ర లేవదు. సూర్యాపేట, కోదాడ మధ్య నాలుగు వరుసల రోడ్డు మీద ఆ ఆలస్యం పెద్దగా తెలియదు. మిర్యాలగూడ నుంచి పల్లెలకు పోయే దార్లలో తెలుస్తుంది. ముందు ధాన్యం ట్రాక్టర్, ఎదురుగా దూరంలో లారీ. యాక్సిలరేటర్ తొక్కారు. ఒక సెకను... రెండు సెకన్లు... ఏమీ లేదు. ట్రాక్టర్ పక్కకి వచ్చాక ఒక్కసారిగా తోపు వస్తుంది. అప్పటికి లారీ దగ్గరికొచ్చేసింది. కాగితం మీద బలం పెరిగిన బండే, దాటాల్సిన చోట మొండికేస్తుందన్నమాట.

కంపెనీలకు ఈ విషయం బాగా తెలుసు. 2007లో వచ్చిన స్విఫ్ట్ డీజిల్‌నే చూడండి. 1,248 సీసీ ఇంజిన్, 75 హార్స్‌పవర్. 2011లో ఎస్‌ఎక్స్4 డీజిల్‌లో అదే ఇంజిన్‌ను 90కి పెంచారు. అందుకు ఊరికే టర్బో సైజు పెంచలేదు. పొగ తక్కువున్నప్పుడు దారి ఇరుకు చేసుకుని, ఎక్కువైనప్పుడు వెడల్పు చేసుకునే రకం టర్బో పెట్టారు. దాంతో పాటు కంప్యూటర్ లెక్కలూ మార్చారు. పాత సామాన్ల కొట్లో ఒక్క టర్బో కొని బిగిస్తే వచ్చే ఫలితం కాదది. 2020లో మారుతి డీజిల్ కార్లు ఆపేసినా, ఆ బండ్లు మన రోడ్ల మీద ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ‘కంప్యూటర్ మార్చి బలం పెంచుతాం’ అనేవాళ్లు వెతికేదీ ఇలాంటివాటినే. అలా డీజిల్ ఎక్కువ పోస్తే నల్లపొగ వస్తుంది, లోపల వేడి పెరుగుతుంది, హద్దు దాటితే పిస్టన్ కరుగుతుంది. దానికన్నా ముందు క్లచ్ జారడం మొదలుపెడుతుంది. బ్రేకులు మాత్రం పాత 75 నాటివే!

మన ఎండల సంగతి వేరే చెప్పాలా? రోహిణి కార్తెలో 45 డిగ్రీల గాలి, 25 డిగ్రీల గాలికన్నా ఆరు శాతం పల్చన. అందుకే టర్బో కంటే ముందు ఇంటర్‌కూలర్ గురించి ఆలోచించాలి. ఫిల్టర్ మాట కూడా. ‘గాలి బాగా లాగుతుంది’ అని తెరిచి ఉండే ఫిల్టర్లు బిగించుకుంటారు కుర్రాళ్లు. రైసుమిల్లుల ఊళ్లో, ఊక దుమ్ములో! సన్నటి దుమ్ము లోపలికి పోతే లక్షసార్లు తిరిగే ఆ రెక్కలు అరిగిపోతాయి.

చట్టం ఏమంటుందంటారా? బండిని కంపెనీ చెప్పిన వివరాలకు భిన్నంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరునెలల దాకా జైలు... రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పేచీ పెట్టొచ్చు. నిజంగా పందెం సరదా ఉంటే చెన్నై దగ్గర శ్రీపెరంబుదూర్‌లో ట్రాక్ ఉంది. పెద్ద టర్బోలు అక్కడ పనికొస్తాయి.

మరి కుర్రాడి ‘పికప్ లేదు’ అన్న ఫిర్యాదో? అది నిజమే కావచ్చు. లక్ష కిలోమీటర్లు తిరిగిన బండిలో టర్బో నుంచి ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు గొట్టానికి చిన్న చీలిక పడితే చాలు, నొక్కిన గాలి బయటికే పోతుంది. మంచి మెకానిక్ ముందు ఆ గొట్టం చూస్తాడు, తర్వాత ఫిల్టర్లు, ఆ తర్వాత టర్బో ఇరుసు ఊగుతోందా అన్నది వేళ్లతో కదిపి చూస్తాడు. చాలాసార్లు పోయిన పికప్ అక్కడే దొరుకుతుంది.

ఇంకోటి. హైవే మీద వంద స్పీడులో వచ్చి, సూర్యాపేటలో టీ కోసం హోటల్ ముందు ఆగీ ఆగగానే తాళం తిప్పేస్తారు చాలామంది. వేడెక్కిన టర్బోలో ఆయిల్ అక్కడే మాడి బొగ్గవుతుంది. ఇంజిన్‌ను ఒక నిమిషం ఊరికే తిరగనిచ్చి ఆపండి. ఈలోగా పిల్లలు దిగి చెప్పులు వెతుక్కుంటారు.