కెప్టెన్‌ను మార్చితే చాలునా?

ధ్యానభాగము: సంఖ్యాకాండము 14:1-19



2025 ఏప్రిల్ నెల రెండవ వారములో శ్రమకాల కూటముల నిమిత్తము మేము సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో తిరిగాము. యాసంగి వరికోతల దినములు. పగలంతా పొలము పని, చీకటి పడిన తరువాత కూటము. అయితే మేము వెళ్లిన ప్రతి చోటా యౌవనస్థుల నోట ఒకటే చర్చ. సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టు ఓడిపోవుచున్నది, ఎవరిని మార్చాలి?

క్రికెట్ ఎరుగని తల్లులకు, పెద్దలకు రెండు మాటలు చెప్పాలి. ఈ జట్టు 2024లో ఐ.పి.ఎల్. ఫైనల్ వరకు వెళ్లి, అక్కడ కోల్‌కతా చేతిలో ఓడింది. 2025 మార్చి 23న మొదటి ఆటలోనే 286 పరుగులు చేసి గెలిచింది. ఇక కప్పు మనదే అన్నారు అందరు. ఆ తరువాత వరుసగా నాలుగు ఆటలు ఓడిపోయింది. నాలుగవ ఓటమి ఏప్రిల్ 6, ఆదివారము రాత్రి, హైదరాబాదులోనే.

మరునాడు సూర్యాపేట బస్టాండు దగ్గర చాయ్ హోటల్‌లో కూర్చున్నాము. "గీ కెప్టెన్‌తోని కాదన్నా, తీసెయ్యాలె" అన్నాడు ఒక తమ్ముడు. కెప్టెన్ పాట్ కమిన్స్ ఆస్ట్రేలియా దేశస్థుడు. 2023 డిసెంబరు వేలములో అతని ధర 20 కోట్ల 50 లక్షల రూపాయలు. ఏడాది క్రితము ఈ తమ్ముళ్లే ఆయనను ఆకాశమునకెత్తారు. బుధవారము కోదాడలో మాట మారింది. "కెప్టెన్ మంచోడే, కోచ్ వెట్టోరీ ప్లానే బాగలేదు" అన్నారు. శుక్రవారము మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు దగ్గర, బస్తాలు దించి సేదదీరుచున్న హమాలీ అన్న ఒకడు వీరందరి మాటలు విని, తలపాగా విప్పి ముఖము తుడుచుకొని, "ఆడెటోళ్లు సక్కగ ఆడకపోతె కెప్టెన్ ఏంజేస్తడు బిడ్డా?" అన్నాడు. అతడు తన ఊరి సంఘములో పెద్ద అని మాకు తరువాత తెలిసింది.

ఈ జట్టు చరిత్ర చూడండి. 2016లో డేవిడ్ వార్నర్ నాయకత్వమున కప్పు గెలిచింది. ఆ ఏడు వార్నర్ ఒక్కడే 848 పరుగులు చేశాడు. 2021లో ఓటములు రాగానే, మే 1న ఆయనను నాయకత్వము నుండి తొలగించి కేన్ విలియమ్సన్‌ను పెట్టారు. మరునాటి ఆటలో ఆయనకు జట్టులో చోటు కూడా లేదు. అయినా జట్టు ఆ ఏడు 14 ఆటలలో మూడే గెలిచి అట్టడుగున నిలిచింది. 2023లో మార్‌క్రమ్ కెప్టెన్, బ్రయాన్ లారా కోచ్. మరల అట్టడుగే. 2021 నుండి 2024 వరకు నలుగురు కెప్టెన్లు, నలుగురు కోచ్‌లు మారారు.

మార్పు ఎప్పుడును పనికిరాదని మేము చెప్పుట లేదు. హైదరాబాదు పాత జట్టు డెక్కన్ ఛార్జర్స్ 2008లో 14 ఆటలలో రెండే గెలిచి చివరి స్థానములో నిలిచింది. 2009లో గిల్‌క్రిస్ట్ నాయకత్వమున అదే జట్టు కప్పు గెలిచింది. 2008లో మొదట కెప్టెన్‌గా ఉన్న మన హైదరాబాదు లక్ష్మణ్ ఆ జట్టును విడిచిపోలేదు, వేరొకని నాయకత్వము క్రింద కొనసాగాడు. దేవుడు కూడ మోషే స్థానములో యెహోషువను నిలిపాడు. ఆ యెహోషువకు ధైర్యము చెప్పి బలపరచుమని మోషేకే ఆజ్ఞాపించాడు (ద్వితీయోపదేశకాండము 3:28). కాబట్టి ప్రశ్న మార్చవచ్చునా అన్నది కాదు. మార్చుమని అడుగువారి హృదయము ఎట్టిది అన్నదే ప్రశ్న.

కోదాడలో చర్చ విన్న ఆ రాత్రే, ఆ ప్రాంతపు ఒక పల్లెలో కూటము ముగిసిన తరువాత ముగ్గురు పెద్దలు మమ్మును ప్రక్కకు పిలిచారు. "అయ్యగారూ, మా పాస్టరుగారిని మార్పించండి. ఆరాధనకు జనము తగ్గినారు. పిల్లలు టౌనులోని సంఘాలకు పోతున్నరు. గుడి స్లాబు నాలుగేండ్ల నుంచి అట్లనే ఉన్నది" అన్నారు. మాకు చాయ్ హోటల్ మాటలే మరల వినబడినట్లు తోచింది.

మేము మూడు ప్రశ్నలు అడిగాము. ఈ ఏడు మీలో ఎవరైనా ఆయన ఇంటికి వెళ్లి ఆయన కొరకు ప్రార్థించారా? ఆయన వాక్యము చెప్పుచుండగా మీ కుమారులు మీ ప్రక్కన కూర్చున్నారా? ఆయన జీతము ఎన్ని నెలలు బాకీ ఉన్నది? మొదటి రెండింటికి జవాబు లేదు. మూడవదానికి ఒక పెద్ద తల దించుకొని, "ఐదు నెలలు అయ్యగారూ" అన్నాడు. ఆ ఐదు నెలలు పాస్టరమ్మగారు రాత్రులు జాకెట్లు కుట్టి ఇల్లు గడిపినారట. ఆ సంగతి ఊరిలో అందరికి తెలుసు.

ప్రియులారా, ఆ పెద్దలను నిందించుటకు మాకు అధికారము లేదు. పరిచర్యలో క్రొత్తగా అడుగుపెట్టిన దినములలో మేము కూడ ఒక వృద్ధ సేవకుని గూర్చి అట్లే మాట్లాడాము. ఆయన ప్రసంగము పాతదన్నాము, ఆయన కాలము అయిపోయిందన్నాము. పెద్దలు మా మాట విన్నారు. ఆ సంఘము మాకు అప్పగింపబడింది. మా ప్రతిష్ఠ దినమున ఆయన అందరికంటె ముందుగా వచ్చి, పందిరి క్రింద చాపలు పరచి, బిందె ఎత్తుకొని వచ్చినవారికి మంచినీళ్లు ఇచ్చారు. మాకును ఒక గ్లాసు ఇచ్చి, "త్రాగండి అయ్యగారూ, ఎండగా ఉన్నది" అన్నారు. ఆ నీళ్లు మా గొంతు దిగలేదు. ఆయన బ్రతికియుండగా క్షమాపణ అడుగలేకపోయాము. 2021లో, తొలగించిన మరునాడే వార్నర్ తన తోటివారికి నీళ్ల సీసాలు మోసుకొనిపోయాడని వినినప్పుడు, మాకు ఆయనే జ్ఞాపకమునకు వచ్చారు.

ధ్యానభాగము చూడండి. కనాను పొలిమేరలో ఇశ్రాయేలీయులు రాత్రంతా ఏడ్చి, వేరొక నాయకుని పెట్టుకొని ఐగుప్తుకు తిరిగి పోదమనుకొన్నారు. వారి కష్టమునకు మూలము మోషే కాదు, వారి అవిశ్వాసమే. అయినను దేవుడు వారిని నశింపజేయుదునన్నప్పుడు, వారిని క్షమింపుమని అడ్డుపడి వేడుకొనినవాడు ఎవరు? వారు త్రోసివేయగోరిన ఆ మోషేయే. నిర్గమకాండము 17వ అధ్యాయములో అదే మోషే చేతులు బరువెక్కినప్పుడు, అహరోను హూరులు ఆయనను రాతిమీద కూర్చుండబెట్టి, సూర్యుడు అస్తమించు వరకు ఆ చేతులను ఎత్తిపట్టుకొన్నారు. యుద్ధము గెలిచింది. చేతులు దించిన నాయకుని చూచి "వేరొకనిని తెండి" అనుట సులువు. ఆ చేతి క్రింద మన భుజము పెట్టుట కష్టము.

ఇంటిలోను ఇదే జరుగును. పంట పోయిన ఏడు ఇంటి యజమానిని అందరు ప్రశ్నింతురు. అప్పు తీరని ఇంటిలో ప్రతి భోజనము ఒక విచారణ అగును. ఆయన తప్పు ఉండవచ్చును. అయితే ఆయన చేతిని ఎత్తిపట్టినవారు ఎవరు?

ఏప్రిల్ 12, శనివారము రాత్రి సన్‌రైజర్స్ గెలిచింది. 246 పరుగుల లక్ష్యము ముందుండగా అభిషేక్ శర్మ ఒక్కడే 141 చేశాడు. మరునాడు మట్టల ఆదివారము. మా పిల్లలు ఈత మట్టలు పట్టుకొని ఊరేగింపుకు నిలిచినప్పుడు ఒకడు పరుగెత్తుకొని వచ్చి, "అయ్యగారూ, కెప్టెన్ మంచోడే!" అన్నాడు. మేము నవ్వాము గాని, యెరూషలేము వీధులు జ్ఞాపకమునకు వచ్చాయి. ఆదివారము హోసన్నా కేకలు వినిన ఆ పట్టణము శుక్రవారము సిలువ వేయుమను కేకలు వినింది. ఆ ఏడు జట్టు చివరకు ఆరవ స్థానముతోనే ముగించింది. ఆ పిల్లవాని మాట మరల ఎన్నిసార్లు మారినదో!

ఆ పల్లెలో ఏమి జరిగినదని మీరు అడుగవచ్చును. పెద్ద గురువారము సాయంత్రము ఆ ముగ్గురిలో ఇద్దరు పాస్టరుగారి ఇంటికి వెళ్లారు. రెండు నెలల జీతము, ఒక బస్తా బియ్యము ఇచ్చి, మోకాళ్లూని ప్రార్థించి వచ్చారట. మూడవ ఆయన వెళ్లలేదు. స్లాబు ఇంకను పూర్తికాలేదు. ఆయనకు రేపు బదిలీ కావచ్చును, కాకపోవచ్చును. అయినను ఆ రాత్రి ఆ ఇంట కుట్టు మిషను త్వరగా ఆగినదని పాస్టరమ్మగారు మాతో చెప్పి కన్నీళ్లు పెట్టుకొన్నారు.

ఈ నెల మీ ఇంట కుటుంబ ప్రార్థనలో ఇది చేయండి. మీరు ఎవరిని మార్చవలెనని కోరుచున్నారో ఆ పేరు దేవుని యెదుట చెప్పండి. వారి కొరకు ఏడు దినములు ప్రార్థించండి. ఆ తరువాత కూడ మార్పు అవసరమని తోచినయెడల, మొదట వారితోనే ప్రేమగా మాట్లాడండి. మా వలె ఆలస్యము చేయకండి.

ప్రభువు మిమ్మును, మీ కుటుంబములను, మీ కాపరులను దీవించును గాక. ఆమేన్.