కౌంటును పెంచింది ఆకు కాదు

సంపాదకుడు గారికి,

గత ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో డెంగీ వ్యాసం చదివి పేపరు విసిరికొట్టాను. బొప్పాయి ఆకు రసం మూడు రోజులు తాగితే ప్లేట్‌లెట్లు రెట్టింపయ్యాయట! నా కోడి, నా కుంపటి లేకపోతే తెల్లవారదనుకున్న అవ్వ కూడా ఇంత ధీమాగా చెప్పి ఉండదు.

మానుకోట (మహబూబాబాద్)లో ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. అసలు కౌంటు ఎలా పెరుగుతుందో రాయడానికి మీకు నాలుగు లైన్ల చోటు లేదా? కాలేయం త్రాంబోపోయిటిన్ అనే హార్మోన్‌ను దాదాపు ఒకే తీరుగా తయారు చేస్తుంటుంది. ప్లేట్‌లెట్లు తమ మీదుండే ఎంపీఎల్ గ్రాహకాలతో దాన్ని పట్టి మింగుతుంటాయి. ప్లేట్‌లెట్లు తగ్గితే మింగేవి తగ్గి, హార్మోన్ మిగులుతుంది. మిగిలింది ఎముక మజ్జలోని మెగాకారియోసైట్లకు చేరి, లోపలి జాక్-2 ఎంజైమును లేపి, వాటిని పనికి పురమాయిస్తుంది. ఒక్కొక్కటి ఎదిగి వేల ప్లేట్‌లెట్లను వదలడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈ హార్మోన్ 1994లోనే చేతికి చిక్కింది. డెంగీలో వైరస్ జోరు తగ్గాక, వారం తిరిగేసరికి, మజ్జ తేరుకుని కౌంటు దానంతటదే లేస్తుంది. సరిగ్గా అప్పటికి మన చేతిలో రసం గ్లాసు ఉంటుంది. పేరు ఆకుకు!

నిరుడు వానాకాలం భూపాలపల్లిలో మా మనవడికి డెంగీ వచ్చింది. కౌంటు 38 వేలు. ఎక్కడా రక్తం కారలేదు, పిల్లగాడు లేచి కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోతే, వెంటనే ఎస్‌డీపీ (ఒకే దాత నుంచి తీసిన ప్లేట్‌లెట్లు) ఎక్కించాలి, డోనర్‌ను తెచ్చుకోండి అన్నారు. జనగామ నుంచి మా అన్న కొడుకు అర్ధరాత్రి పరుగెత్తుకొచ్చాడు. నరాలు సన్నగా ఉన్నాయని తిప్పి పంపారు. ఇంకొకణ్ణి వెతికాం. ఎక్కించిన మర్నాటికే కౌంటు 36 వేలు! ఆ జ్వరంలో ఎక్కించినవీ నాశనమవుతాయి మరి. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) ఎంతుంది, మూత్రం సరిగా వస్తోందా అని మాకు చెప్పినవాళ్లు లేరు. అల్లుడు మిర్చి అమ్మి దాచిన పైసలు బిల్లుకే సరి.

అన్నట్టు, 2016లో జిల్లాలు వేరైనా మీ పేపరులో జనగామ, మానుకోట, భూపాలపల్లికి ఇంకా ఒకటే పేజీ. అందులోనూ సగం నాయకుల పుట్టినరోజు ప్రకటనలు. బస్టాండు దగ్గర పాత టైర్ల కుప్పలో నీళ్లు నిలిచాయని నేను రాసిన రెండు ఉత్తరాలకు చోటు దొరకలేదు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది అక్కడే కదా! ఆకు రసానికైతే రంగుల బొమ్మతో సహా చోటు దొరికింది.

వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో ఈ మాట వేయండి: డెంగీలో ఎక్కువగా ప్రాణం మీదికి తెచ్చేది రక్తనాళాల్లోంచి ప్లాస్మా కారిపోవడం. జ్వరం దిగిన రోజునే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి. రక్తస్రావం లేనప్పుడు, కౌంటు పదివేల కిందికి పోనంతవరకు, ప్లేట్‌లెట్లు ఎక్కించే అవసరం సాధారణంగా రాదు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మహబూబాబాద్