చిన్న నేలకు పెద్ద చరిత్ర

ఐర్లండు పటమును విప్పిన విద్యార్థికి డబ్లిన్ కనపడును, కార్క్ కనపడును, మక్కర్ కనపడదు. మొనహన్ కౌంటీలో, ఇనిష్కీన్ గ్రామము చెంతనున్న కొద్దిపాటి నేల అది. ఇట్టి నేలను అచ్చట 'టౌన్‌ల్యాండ్' అందురు. పేరులో 'టౌన్' ఉన్నను పట్టణముతో దానికి పొత్తు లేదు. కొన్ని పొలములు, కొన్ని ఇండ్లు, ఒక పేరు, అంతే. ఆ ద్వీపమున ఇట్టివి 60,000కు పైగా ఉన్నవి.

ఇంత చిన్న చోటికి చరిత్ర యేమిటని కొందరు పెదవి విరుతురు. వారితో నేను ఏకీభవింపజాలను. మొనహన్ మిట్టలను చూడుడు. మంచుయుగమున హిమానీనదములు మట్టిని, రాళ్లను పోగుచేసి మలచిన మిట్టలవి. భూగోళశాస్త్రము వానిని 'డ్రమ్లిన్' లనుచున్నది. ఆ మాటకు మూలము వెన్ను అను అర్థముగల ఐరిష్ పలుకే! పల్లెటూరి రైతు నోటిమాట ప్రపంచమునకు పాఠమైనది.

1824లో ఆంగ్ల ప్రభుత్వము పన్నుల నిర్ణయమునకై దేశమంతయు కొలిపించెను. ఆ సర్వేలో పనిచేసిన పండితుడు జాన్ ఓడొనవన్ ఊరూర తిరిగి, వృద్ధులనడిగి పేర్ల మూలములను వ్రాసికొనెను. ఆ పటము పేర్లను నిలిపినది. కాని ఆంగ్ల వర్ణక్రమము వాని అర్థమును కప్పివైచినది. 'మక్కర్' అనగా పందులు విరివిగా పెరిగిన చోటు అని నేడు ఎందరికి తోచును? అంతలో 1845 నుండి మహాక్షామము. 1841లో సుమారు 81 లక్షలున్న జనము 1851 నాటికి 65 లక్షలకు దిగెను. పోయినవారితో వారెరిగిన కథలెన్నియో పోయినవి.

మిగిలినవానిని దక్కించినవారెవరు? బడిపిల్లలు! 1937లో మొదలైన పథకము క్రింద స్వతంత్ర ఐర్లండులోని సుమారు 5,000 పాఠశాలల పిల్లలు, ఉపాధ్యాయుల ప్రోత్సాహముతో, తాతలను అవ్వలను అడిగి స్థలనామములను, కథలను, వైద్యములను వ్రాసిపెట్టినారు. ఆ సంపద నేటికిని భద్రముగ నున్నది.

1904లో ఆ మక్కర్‌లోనే పుట్టిన కవి పాట్రిక్ కవానా, తన ఊరి విలువను శంకింపనివాడే నిజమైన సంస్కారి యని వాదించెను. సత్యమే. రాజధానుల చరిత్రకు వ్రాయసగాండ్రు కొదువలేదు. పొలముగట్టు చరిత్రకు మాత్రము పలకాబలపములు పట్టిన చిన్నచేతులే దిక్కు. ఉపాధ్యాయులు ఆ చేతులను నమ్మవలెను.