బస్తీ హైస్కూల్లో 63 శాతమే పాస్.. ఈ అంకెను ఎలా చదవాలి?

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రానికే మీ కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక జాబితా తిరుగుతుంది. ఏ బడికి ఎంత శాతం అని. మీ వీధి చివర ఉన్న ప్రభుత్వ ఉన్నత పాఠశాల అందులో అడుగున కనిపిస్తే, 'అందుకే అక్కడ ఎవరూ చేర్పించరు' అన్న కామెంట్ వెంటనే పడుతుంది. ఆ ఒక్క అంకె చూసి ఎనిమిదో, తొమ్మిదో చదువుతున్న అమ్మాయిని బడి మాన్పించి ప్రైవేటులో వేసేవారు ఉంటారు. ఆ ఫీజు కోసం అప్పు చేసేవారూ ఉంటారు. అందుకే ఆ అంకె ఏం చెబుతుందో, ఏం చెప్పదో ఒకసారి చూద్దాం.

ముందు పోలిక సంగతి. తెలంగాణలో 2025 పదో తరగతి ఉత్తీర్ణత 92.78 శాతం. అంతకుముందు ఏడాది 91.31. 2025లో జిల్లాల వారీగా మహబూబాబాద్ 99.29 శాతంతో పైన, వికారాబాద్ 73.97 శాతంతో కింద నిలిచాయి. వీటి పక్కన 63 శాతం పెడితే ఎవరికైనా కంగారే. కానీ జిల్లా సగటు వేల మంది పిల్లలది. మీ బస్తీ బడి సగటు ఎంతమందిది?

ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక చిన్న హైస్కూల్లో మొదటి ఏడాది 24 మంది పరీక్ష రాస్తే 21 మంది పాసయ్యారు. 87.5 శాతం. రెండో ఏడాది 19 మంది రాస్తే 12 మంది. 63 శాతం. మూడో ఏడాది 22 మందిలో 20 మంది. దాదాపు 91 శాతం. ఈ మూడేళ్లలో హెడ్మాస్టర్ మారలేదు, టీచర్లు మారలేదు. మరి బడి రెండో ఏడాది చెడిపోయి మూడో ఏడాది బాగుపడిందా? 19 మంది ఉన్న తరగతిలో ఒక్క పిల్లాడు తప్పితే 5 శాతానికి పైగా పడిపోతుంది. ఇద్దరికి జ్వరం వచ్చినా, ఒకరు మార్చిలో ఊరెళ్లిపోయినా జాబితాలో స్థానం తారుమారు. మూడేళ్లూ కలిపి చూస్తే 65 మందిలో 53 మంది, అంటే 81.5 శాతం. చిన్న బడిని చూడాల్సింది ఇలాగే. ఒక్క ఏడాది శాతాన్ని బట్టి ర్యాంకు ఇవ్వడం లాటరీ తీసినట్టే.

అలాగని 81 శాతం గొప్పేమీ కాదు. రాష్ట్ర సగటుకు అది పది శాతానికి పైగా తక్కువ. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తోందన్నదే అసలు ప్రశ్న.

బడిలో మిగిలింది ఎవరు?

హైదరాబాద్ లాంటి నగరంలో ప్రభుత్వ హైస్కూలుకు వచ్చే పిల్లలు బస్తీలోని పిల్లలందరికీ నమూనా కాదు. నెలనెలా ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లలు చిన్న తరగతుల్లోనే ప్రైవేటుకు వెళ్లిపోతారు. ఐదో తరగతి ప్రవేశాల దగ్గర గురుకులాలు మరికొందరిని తీసుకెళ్తాయి. అది ప్రవేశ పరీక్ష కాబట్టి అప్పటికే బాగా చదివేవారికే సీటు వస్తుంది. గురుకులాల ఫలితాలు బాగున్నాయని మెచ్చుకునేటప్పుడు ఈ సంగతి మనం తరచూ మర్చిపోతాం. ఆ రెండు జల్లెడల తర్వాత మిగిలినవారికి ఆరో తరగతి నుంచి పాఠం చెప్పేది బస్తీ బడి.

ఆ మిగిలినవారిలో పాలమూరు వైపు నుంచి, ఒడిశా నుంచి, బీహార్ నుంచి పనికి వచ్చిన కుటుంబాల పిల్లలుంటారు. నిర్మాణం ఎక్కడుంటే ఇల్లు అక్కడికి మారుతుంది. ఏడాది మధ్యలో చేరతారు, మధ్యలోనే వెళ్తారు. కొందరి ఇంట్లో లంబాడీ, కొందరి ఇంట్లో ఉర్దూ, హిందీ, ఒడియా. బడిలో తెలుగు. పైగా 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం కూడా వచ్చింది. అంటే ఒక పిల్లకు భౌతికశాస్త్రం అర్థం కావడానికి ముందు రెండు భాషలు దాటాలి. ఇంకోటి, ఒకే ఇంట్లో కొడుకును ప్రైవేటుకు, కూతురిని ప్రభుత్వ బడికి పంపడం మన దగ్గర కొత్త కాదు. నిజానికి ఫలితాల్లో ముందుండేది అమ్మాయిలే. 2025లో వారి ఉత్తీర్ణత 94.26 శాతం, అబ్బాయిలది 91.32.

నేపథ్యం ఫలితాన్ని మారుస్తుందని ప్రభుత్వమూ ఒప్పుకున్నదే. బాసర ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లో నాన్ రెసిడెన్షియల్ ప్రభుత్వ బడుల పిల్లల జీపీఏకు ఏళ్ల తరబడి 0.4 కలిపి లెక్కగట్టారు. సీటు ఇచ్చేటప్పుడు గుర్తున్న విషయం బడికి మార్కులు వేసేటప్పుడు గుర్తుండదు.

అయితే 'ఇలాంటి పిల్లలు వస్తే ఇంతే' అనే మాటను మాత్రం ఒప్పుకోకండి. అది టీచర్లు చెప్పినా, అధికారులు చెప్పినా సరే. నేపథ్యం కారణం కావచ్చు, సాకు కాకూడదు. ఏది కారణమో, ఏది సాకో తేల్చే ప్రశ్న ఒకటుంది: ఏ పేపర్లో తప్పారు?

ఆరు పేపర్లలో ఒక్కటి పోయినా ఫెయిలే. తప్పినవారంతా గణితంలోనో, భౌతికశాస్త్రంలోనో తప్పితే ముందు ఆ సబ్జెక్టు టీచర్ పోస్టు నిండి ఉందా, ఎప్పటి నుంచి ఖాళీగా ఉందో అడగండి. పెద్ద బడిలో గణితానికి ఇద్దరో ముగ్గురో ఉంటారు. చిన్న బడిలో ఉండేది ఒక్కరే. ఆ టీచర్ బదిలీపై వెళ్తే, ప్రసూతి సెలవులో ఉంటే, ఆ ఏడాది గణితం పోయినట్టే. 2024 డీఎస్సీ తర్వాత 10 వేల మందికి పైగా కొత్త టీచర్లు వచ్చారు. మీ బడికి వచ్చారా అన్నది వేరే లెక్క. పిల్లలు తగ్గితే హేతుబద్ధీకరణ పేరుతో పోస్టు వేరే బడికి పోతుంది. పోస్టు పోతే ఫలితం తగ్గుతుంది. ఫలితం తగ్గితే పిల్లలు ఇంకా తగ్గుతారు. మీ వాట్సాప్ జాబితా ఈ చక్రానికి ఇంకో తోపు.

నూరు శాతాన్నీ అనుమానించండి

ఫ్లెక్సీ కట్టిన బడినీ ఇదే కళ్లతో చూడాలి. 9 మంది రాసి 9 మంది పాసైతే 100 శాతం. కానీ ఏడాది క్రితం అదే బడిలో తొమ్మిదో తరగతిలో 16 మంది ఉంటే మిగతా ఏడుగురు ఎక్కడ? ఊరు మారారా, పనిలో చేరారా, ఓపెన్ స్కూల్లో కట్టుకోమని చెప్పి పంపారా? ఉత్తీర్ణత శాతంలో హారం పరీక్ష రాసినవారి సంఖ్య. బడి వదిలేసినవారు అందులో ఉండరు. అలాగే ఏప్రిల్, మే నెలల్లో వచ్చే శాతంలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో పాసయ్యేవారు లేరు. ఆ పిల్లలు అదే ఏడాది ఇంటర్‌లో చేరతారు, బడి పేరు మీద మాత్రం ఫెయిల్ మచ్చ అలాగే ఉంటుంది.

మరి వివరాలు ఎక్కడ దొరుకుతాయి? ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో 'నో యువర్ స్కూల్' విభాగంలో బడి రిపోర్ట్ కార్డు చూడొచ్చు. తరగతివారీగా పిల్లలు, టీచర్లు, గదుల లెక్క అందులో ఉంటుంది. రెండు మూడేళ్ల కార్డులు పక్కపక్కన పెట్టుకుంటే తొమ్మిది నుంచి పదికి ఎంతమంది చేరారో అంచనా వస్తుంది. 'అసర్' నివేదికను మాత్రం దీనికి వాడకండి. అది గ్రామీణ సర్వే, నగరాల బడులు అందులో ఉండవు. 2024 డిసెంబర్‌లో జరిగిన 'పరఖ్' సర్వే జిల్లా స్థాయి చిత్రం ఇస్తుంది, మీ బడి పేరు అందులో కనిపించదు.

సబ్జెక్టువారీ ఫలితాలు, ఖాళీల వివరాలు హెడ్మాస్టర్‌నే అడగొచ్చు. చాలామంది చెబుతారు. చెప్పకపోతే జిల్లా విద్యాశాఖ కార్యాలయానికి 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గత మూడేళ్లలో తొమ్మిదిలో ఎంతమంది, పది రాసినవారెంతమంది, ఏ సబ్జెక్టులో ఎంతమంది తప్పారు, ఏ పోస్టు ఏ తేదీ నుంచి ఖాళీ అన్న నాలుగు ప్రశ్నలు చాలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.