కాశీలో తొమ్మిది నిద్రలు

కాశీ వెళితే తొమ్మిది రాత్రులు నిద్ర చేసి రావాలంటారు పెద్దలు. మరి అన్నాళ్లు ఉండేదెక్కడ? గంగ ఒడ్డున మానససరోవర్ ఘాట్ దగ్గరి శ్రీరామతారక ఆంధ్రాశ్రమం, ఆ చుట్టుపక్కల సత్రాలు తెలుగువాళ్లకి పుట్టిళ్ల లాంటివి.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో ముప్ఫై ఏళ్లు వ్యాపారం చేసిన ఓ పెద్దాయన భార్యతో కలిసి అలాంటి ఓ సత్రంలోనే దిగారు. గది అగ్గిపెట్టంత. ‘ఇందులో తొమ్మిది రోజులా!’ అని మొదటిరోజు గొణిగారు. తెల్లవారుజామునే గంగలో మునక, పక్కనే కేదారేశ్వరుడి దర్శనం, మధ్యాహ్నం పంక్తి భోజనం, సాయంత్రం మెట్లమీద పక్కగది నెల్లూరువాళ్లతో కబుర్లు... మూడోరోజు నుంచీ గదిలో ఉంటేగా!

చిక్కల్లా చివరిరోజు వచ్చింది. ఇష్టమైన కాయా పండూ కాశీలో వదిలేసి రావాలి కదా. కాకరకాయతో సరిపెట్టేసే గడుసువాళ్లూ ఉంటారు లెండి. పండు దగ్గరకొచ్చేసరికి ఈయన ‘సీతాఫలం’ అన్నారు. ‘అది మీరెప్పుడు తిన్నారనీ?’ అందావిడ. కాసేపు నీళ్లవంక చూసి, మామిడిపండు వదిలేశారు.

2021-22లో మార్కెట్ బాటసింగారం తరలిపోయింది. అయినా వేసవి వస్తే పాత స్నేహితులు బంగినపల్లి బుట్ట పంపుతూనే ఉన్నారు. మొన్న కూడా మనవడికి ముక్కలు కోసిచ్చి, ఆయన చేతులు కడుక్కున్నారు.