పెరిగాయి సరే, దేనికంటే?

“ఫలానా పథకం పెట్టాం, పిల్లల మార్కులు పెరిగాయి” అని ఏటా ఒక ప్రకటన వస్తుంది. పేపర్లు అచ్చేస్తాయి. దేనికంటే పెరిగాయి? పోయినేడాది కంటే, అంటారు. ఈలోగా ప్రశ్నపత్రం మారింది, దిద్దినవాళ్ళు మారారు, అసలు పరీక్ష రాసిన పిల్లలే మారారు. పెరిగిందంతా పథకం ఖాతాలో ఎలా వేస్తారండీ?

దారి తెలియక కాదు. 2005లో మొదలై ఐదేళ్ళపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లోనే ఆ పని జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 300 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్ని లాటరీ వేసి మూడు గుంపులు చేశారు. ఒక వందలో పిల్లలు బాగా నేర్చుకుంటే వాళ్ళ టీచరుకి బోనస్. ఇంకో వందలో బడి మొత్తం ఫలితాన్ని బట్టి టీచర్లందరికీ బోనస్. మూడో వందలో ఏమీ లేదు. ఆ మూడో వందే ఈ పరీక్షకి ప్రాణం. “బోనస్ వల్ల ఏ తేడా రాదు” అనే శూన్య పరికల్పనతో మొదలుపెట్టారు. అదే నిజమైతే ఇంత తేడా కేవలం లాటరీ చలవతో వచ్చే అవకాశం ఎంతో లెక్కగట్టారు. అది చాలా తక్కువని తేలాకే నోరు విప్పారు: రెండేళ్ళకి లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల లాభం. 2011లో అచ్చయింది.

నాకు అంతకంటే నచ్చింది గ్రాంటు కథ. మరో వంద బడులకి పిల్లల సామగ్రి కోసం డబ్బిచ్చారు. మొదటి ఏడు మార్కులు పెరిగాయి. రెండో ఏడు గ్రాంటు వస్తుందని తల్లిదండ్రులకి ముందే తెలుసు, తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. ఆ ఏడాది ఫలితం సున్నాకి వేరని చెప్పలేకపోయారు. మనవాళ్ళయితే మొదటి ఏడాదే ప్రెస్‌మీట్ పెట్టేసేవారు.

లెక్కల పండితులకీ ఒక మాట. జిల్లా పిల్లలందరి మార్కులూ కంప్యూటర్లో పోస్తే అర మార్కు తేడాకి కూడా పి-విలువ 0.05 కిందకి దిగొచ్చు. దాన్ని చూపించి “సార్థకం” అంటే వినేవాడు “ఘనం” అనుకుంటాడు. ఎంత పెరిగిందో, ఎంత ఖర్చుతో పెరిగిందో చెప్పండి ముందు.

“కొందరికిచ్చి కొందరికి ఆపడం అన్యాయం కదా” అంటారు. అన్ని బడులకీ ఒకేసారి ఇచ్చే డబ్బు ఎప్పుడుంది? మొదటి విడతలో ఎవరికన్నది ఎలాగూ ఎవరో ఒకరు తేలుస్తున్నారు. ఎమ్మెల్యే గారి సిఫారసు బదులు చీటీలు తీయమంటున్నాను, అంతే.